కల్పిత దేవుళ్ళకు ఊరెందుకు ఉండదు?

నాగావళి:

ఫాంటసీ నవలల చివర ఇచ్చే దేవుళ్ళ పట్టిక చదివినప్పుడల్లా నాకు ఒకటే వెలితి. యుద్ధానికి ఒకడు, సముద్రానికి ఒకడు, చావుకి ఒకడు, పంటలకి ఒక దేవత. కొత్త మంత్రివర్గానికి శాఖలు పంచినట్టు ఉంటుంది. పేర్లు బాగుంటాయి, ఆయుధాలు బాగుంటాయి. ఆ దేవుడికి మొక్కుకునే మనిషి ఏ ఊరివాడో, మొక్కు తీర్చకపోతే ఏమవుతుందని భయపడతాడో మాత్రం ఎక్కడా ఉండదు.

నిజంగా కొలుపులందుకునే దేవతలు ఈ శాఖల లెక్కకి లొంగరు. పోలేరమ్మనే తీసుకోండి. పట్టికలో అయితే "మశూచి దేవత" అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. ప్రపంచంలో ఎక్కడా మశూచి లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1980లో ప్రకటించింది. అంటే శాఖే రద్దయింది. అమ్మవారు ఎక్కడికీ పోలేదు. వెంకటగిరిలో వినాయక చవితి దాటాక జాతర ఏటా జరుగుతూనే ఉంది. కుమ్మరుల ఇంట మట్టితో అమ్మవారిని చేస్తారు, పుట్టింటి నుంచి మెట్టింటికి తీసుకెళ్తారు, జాతర ముగిశాక విరూపం చేస్తారు, అంటే ఆ రూపాన్ని చెరిపేస్తారు. ఆ తల్లికి ఊరితో ఉన్న చుట్టరికం జబ్బుతో ముడిపడింది కాదు, లేకపోతే జబ్బుతోపాటే తెగిపోయేది.

నేనొక నవల రాస్తున్నాను. ఒక నది, దానిమీద పాత చెరువు కట్ట, కట్ట కింద కొన్ని ఊళ్ళు. వాళ్ళకి దేవుళ్ళు కావాలి. శాఖల నుంచి మొదలుపెట్టకూడదని గట్టిగా అనుకున్నాను. మరి ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలి? గ్రీకులు, రోమన్లు, నార్సు వాళ్ళ (పాత స్కాండినేవియా జనం) గురించి బాగా చదివినవాళ్ళు ఇక్కడున్నారు కదా, చెప్పండి.

పాచికలదండు:

నాగావళి గారూ, పట్టిక తరఫున నేను వాదిస్తాను. మేం వారం వారం పాచికలతో ఆడే కథల ఆట ఉంది. అందులో ఒకరు పూజారి పాత్ర తీసుకుంటే, తన దేవుడు ఏం శక్తి ఇస్తాడో మొదటి గంటలోనే తెలియాలి. "ఆ ఊళ్ళో ఒకలా చెప్తారు, ఈ ఊళ్ళో ఇంకోలా చెప్తారు" అంటే ఆట సాగదు. ఇలాంటి ఆటే అయిన డంజన్స్ అండ్ డ్రాగన్స్ వాళ్ళు 1980లో దేవుళ్ళ మీద ఒక పెద్ద పుస్తకం వేశారు. అందులో గ్రీకు, నార్సు, ఈజిప్టు దేవుళ్ళతోపాటు మన ఇంద్రుడు, వరుణుడు కూడా ఉన్నారు, ప్రతి ఒక్కరికీ ఎంత దెబ్బ తట్టుకుంటారో అంకెలు వేసి మరీ. చిన్నప్పుడు అది చూసి మురిసిపోయాను. నాలాంటి ఎంతోమందికి మెసొపొటేమియా దేవుళ్ళ పేర్లు మొదట పరిచయమైంది అక్కడే. పట్టిక బయటివాడికి గుమ్మం లాంటిది. గుమ్మం లేకపోతే లోపలికి ఎలా వస్తారు?

మూడోజాము:

మంచి మాట ఎత్తారు. ఆ గుమ్మం ఎప్పుడు కట్టారన్నది చూద్దాం.

"జియస్ అంటే ఉరుముల దేవుడు" అని బడి పుస్తకాల్లో చదువుకున్నాం. ఏథెన్సులో ఒక మామూలు ఇంటికి వెళ్తే సామాన్ల గదిలో ఒక జాడీకి ఉన్ని దారం చుట్టి పెట్టి ఉండేది. ఆ జాడీయే జియస్ క్టెసియోస్, ఇంటి సొత్తు కాపాడే జియస్. ముంగిట్లో ఇంకో జియస్, హెర్కెయోస్, ప్రహరీ కాపలా ఆయనది. పిరేయస్ రేవులో దొరికిన శిల్పాల్లో జియస్ మెయిలిఖియోస్ పెద్ద పాము రూపంలో ఉంటాడు. ఉరుము ఎక్కడ, జాడీ ఎక్కడ, పాము ఎక్కడ! అన్నీ జియస్సే. ఇంట్లోవాళ్ళకి అందులో గందరగోళం ఏమీ కనిపించలేదు.

గ్రీకుల పెద్ద దేవుళ్ళు పన్నెండుమంది, వాళ్ళే ఒలింపియన్లు, అనే పట్టిక కూడా అంతే. ఏథెన్సు సంతలో పన్నెండు దేవుళ్ళ బలిపీఠం క్రీ.పూ. 522 ప్రాంతంలో కట్టారు, ఊళ్ళ దూరాలు దాని నుంచే కొలిచేవారు. పన్నెండు అనే అంకె గట్టిది. ఆ పన్నెండుగురూ ఎవరంటే ఊరూరికీ మారుతుంది. ఒలింపియాలో వాళ్ళ పన్నెండులో ఆల్ఫియోస్ అనే అక్కడి నది కూడా ఒక దేవుడు! పక్కన పారే నదిని వదిలేసి పట్టిక వేయడం వాళ్ళకి కుదరలేదు. నాగావళి గారూ, మీ నది సంగతి ఇక్కడే ఆలోచించండి.

ఇంకొకటి. గ్రీకుల "యుద్ధ దేవుడు" ఆరెస్‌కి గ్రీసులో గుళ్ళు చాలా తక్కువ. ఎడతెగకుండా యుద్ధాలు చేసుకున్న జనం వాళ్ళు. గెలుపు కోసం ఎథీనాకి మొక్కారు, జియస్‌కి మొక్కారు. కథల్లో పెద్ద పాత్ర ఉన్నంత మాత్రాన గుడిలో పెద్ద పీట ఉండాలని లేదు.

ఉత్తరధ్రువం:

మూడోజాము గారి ఆఖరి మాటకి నార్సు వైపు నుంచి సాక్ష్యం. నేను స్వీడన్‌లోని ఉప్సాలాలో ఉంటాను. ఇక్కడ ఉల్లెరోకెర్ అని ఒక పేట ఉంది. ఆ పేరులో ఉన్నది ఉల్ అనే దేవుడు. స్వీడన్, నార్వేల్లో ఆయన పేరున్న ఊళ్ళు చాలా ఉన్నాయి. అంటే ఒకప్పుడు పెద్ద దేవుడే. కథల్లో మాత్రం మంచి విలుకాడు, మంచు మీద జారుడు కర్రలతో వెళ్తాడు అని రెండు మూడు ముక్కలు తప్ప ఏమీ మిగల్లేదు.

లోకీ అనే ఇంకో నార్సు దేవుడి సంగతి తలకిందులు. కథల నిండా వాడే. వాణ్ణి కొలిచారని గట్టిగా చెప్పగల ఊరి పేరు ఒక్కటీ లేదు.

నార్సు దేవుళ్ళ గురించి మనకి తెలిసినదాంట్లో చాలా భాగం 1220 ప్రాంతంలో ఐస్లాండులో స్నోరి స్టుర్లుసన్ రాసినది. అప్పటికి ఆ దేశం క్రైస్తవంలోకి మారి రెండువందల ఏళ్ళు దాటింది. కవులకి పాత ఉపమానాలు అర్థం కావాలని ఆయన కథలన్నీ ఒక వరుసలో పెట్టాడు. ఈ కాలపు ఫాంటసీ రచయితలు ఆ వరుసని చూసి, దేవుళ్ళు మొదట్నుంచీ అలాగే ఉంటారనుకుని తమవాళ్ళని తయారుచేస్తున్నారు. కొలుపు పోయాక మిగిలిన కథని నమూనాగా పెట్టుకుంటున్నారన్నమాట.

పూజారిగారి_మనవరాలు:

అందరికీ నమస్కారం. ముందు మనసులో మాట చెప్తాను. మా ఇంట్లో రోజూ దీపం పెట్టే దేవుణ్ణి ఒక నవలాకారుడు నిరుడు పుట్టించిన దేవుడి పక్కన కూర్చోబెట్టి పోలికలు తీస్తుంటే నాకు కష్టంగా ఉంటుంది. ఇంద్రుడికి దెబ్బల అంకెలు వేయడం నాకు నచ్చలేదు, పాచికలదండు గారి మీద కోపం ఏమీ లేదు. ఈ చర్చలో కొలుపు గురించి, మొక్కుల గురించి మర్యాదగా మాట్లాడుతున్నారు కాబట్టి నేనూ మాట్లాడతాను.

శాఖల పట్టిక బయటివాళ్ళు వేసిందే అనడం సరికాదు. మన శాస్త్రాల్లోనే ఉంది. అష్టదిక్పాలకులున్నారు: తూర్పుకి ఇంద్రుడు, దక్షిణానికి యముడు, పడమటికి వరుణుడు, ఉత్తరానికి కుబేరుడు. నవగ్రహాలున్నాయి, ఒక్కొక్కరికి ఒక ధాన్యం, ఒక రంగు. ఇంతకంటే చక్కటి పట్టిక ఏ నవలాకారుడు వేయగలడు?

కానీ పట్టికలో ఉన్న శనీశ్వరుడు కూడా భక్తుడి దగ్గరికి వచ్చేసరికి ఒక ఊరివాడవుతాడు. మా కోనసీమలో మందపల్లి ఉంది. అక్కడ శనే అశ్వత్థుడు, పిప్పలుడు అనే రాక్షసుల్ని సంహరించి, ఆ దోషం పోవడానికి శివలింగాన్ని ప్రతిష్ఠించాడని స్థలపురాణం. శని త్రయోదశికి తైలాభిషేకాలు చేసేది ఆ లింగానికే. పీడించే గ్రహమని పట్టిక చెప్తుంది. మందపల్లిలో ఆయనే ఒక భక్తుడు, పాపం కడుక్కోవడానికి శివుణ్ణి ఆశ్రయించినవాడు. రాహుకేతువుల కోసం శ్రీకాళహస్తి వెళ్ళేవాళ్ళదీ ఇదే దారి, వెళ్ళేది శివుడి గుడికే కదా. పట్టిక అబద్ధం కాదు. అది పండితుడి చేతిలో ఉంటుంది, భక్తుడికి ఊరు కావాలి.

నాగావళి:

పూజారిగారి మనవరాలు గారూ, ఇది నేను ఆలోచించని కోణం. పట్టిక, స్థలపురాణం రెండూ ఉండి, ఒకదానితో ఒకటి పూర్తిగా పొసగకపోవడం. నా నవల్లో కూడా కోటలో ఉండే పండితుల దగ్గర ఒక పట్టిక పెడతాను. ఊళ్ళవాళ్ళు దాన్ని కాదనరు, పట్టించుకోరు.

ములుగు_బాట:

మా దిక్కు సంగతి జెప్తా.

మేడారంల విగ్రహం ఉండది. గద్దెలుంటయి. సమ్మక్క చిలకలగుట్ట నుంచి కుంకుమ భరిణె రూపంల వస్తది. సారలమ్మ కన్నెపల్లి నుంచి వస్తది. పగిడిద్దరాజు పూనుగొండ్ల నుంచి, గోవిందరాజు కొండాయి నుంచి వస్తరు. ఒక్కొక్కలది ఒక్కొక్క ఊరు, ఒక్కొక్క తొవ్వ, తీస్కచ్చే వడ్డెలు (పూజారులు) వేరే. రెండేండ్లకొకసారి మాఘమాసంల నాలుగొద్దులు అందరు ఒక్కకాడ కలుస్తరు, మల్ల వనప్రవేశం జేస్తరు. బుధవారం సారలమ్మ గద్దెకొస్తది, గురువారం సమ్మక్క. ఆమె గుట్ట దిగేటప్పుడు పోలీసు పెద్దసారు గాల్లకి తుపాకీ పేలుస్తడు. కాకతీయ రాజు కప్పం కోసం దండెత్తితె కొట్లాడిన తల్లికి ఇయ్యాల సర్కారే వందనం జేస్తాంది.

ఇప్పుడు జెప్పుండ్రి, సమ్మక్కది ఏ శాఖ? యుద్ధమా? అడవా? పిల్లలు లేనోళ్ళు ఆమెకే మొక్కుతరు, పంటకు ఆమెకే మొక్కుతరు, కొలువు రావాల్నని ఆమెకే మొక్కుతరు. నిలువెత్తు బెల్లం తూకమేసి ఇస్తరు, దాన్ని బంగారం అంటరు. సమ్మక్క కొడుకు జంపన్న సచ్చిపోయిన వాగుల తానం జేసినంకనే గద్దెలకాడికి పోతరు. నవల రాసెటోళ్ళు దేవుని శక్తి ఏందని ముందుగాల అడుగుతరు. నేనైతే ఆ దేవత ఏ బాటల వస్తది, ఎవలు మోస్కస్తరు అని అడుగుత.

పాచికలదండు:

ములుగు బాట అన్నా, ఈ పోస్టు దాచుకుంటున్నాను. మోసుకొచ్చేదెవరు అన్న ప్రశ్న మా ఆటలో ఎన్నడూ అడగలేదు.

ఫాంటసీ అంతా ఒకే మూసలో లేదని కూడా చెప్పాలి. 'గేమ్ ఆఫ్ థ్రోన్స్' రచయిత జార్జ్ మార్టిన్ రాసిన లోకంలో ఉత్తరాది పాత దేవుళ్ళకి పేర్లు లేవు, పూజారులు లేరు, గుడి లేదు. ముఖం చెక్కిన తెల్లచెట్టు ఉంటుంది, దాని ముందు నిలబడి మాట ఇస్తారు. దీవుల్లోవాళ్ళు తమ మునిగిన దేవుడి కోసం మనిషిని నీళ్ళలో ముంచి మళ్ళీ ఊపిరి పోస్తారు. ఆ దేవుడి గురించి కథ చాలా కొంచెమే చెప్పినా మనకి గుర్తుండిపోయేది ఆ ముంచడమే.

'లార్డ్ ఆఫ్ ది రింగ్స్' రాసిన టోల్కీన్ దారి ఇంకోటి. ఆయన లోకాన్ని చూసుకునే దేవతల్లాంటి వాలార్లు 14 మంది. గాలికి, నీళ్ళకి, కొలిమికి, చెట్లకి అందంగా పంచి పెట్టాడు. వాళ్ళకి గుళ్ళు మాత్రం ఒక్కటీ కట్టించలేదు. ఆయన కథల్లోని నూమెనోర్ ద్వీపంలో కొండ శిఖరం మీద ఏడాదికి మూడుసార్లు రాజు సృష్టికర్తని తలుచుకుంటాడు, అక్కడ కట్టడం ఏదీ ఉండదు. ఆ ద్వీపంలో కట్టిన పెద్ద గుడి దుష్టుడైన సౌరాన్ తన చీకటి ప్రభువు కోసం కట్టించినది, అందులో నరబలులు. ఇది లోపం అనను నేను. ఆయన నిష్ఠగల కాథలిక్కు. తన వాలార్లని దేవదూతలకి దగ్గరగా ఉంచాడు, పూజ సృష్టికర్త ఒక్కడికే దక్కేలా చూసుకున్నాడు. ఆయన నమ్మకం లోంచి వచ్చిన ఎంపిక అది. చిక్కల్లా తర్వాత వచ్చినవాళ్ళతో. పట్టికని తీసుకున్నారు, వెనకున్న నమ్మకాన్ని వదిలేశారు.

మూడోజాము:

టోల్కీన్ గురించి మీతో పూర్తిగా ఏకీభవిస్తాను. ఆయన కంటే ముందే, 1905లో లార్డ్ డన్సేని అనే ఐరిష్ ప్రభువు పెగానా దేవుళ్ళని పుట్టించాడు. కల్పిత దేవగణాల్లో తొలినాటి వాటిలో అదొకటి. అందులో పెద్ద దేవుళ్ళ కంటే ఇంటి దేవుళ్ళు నాకు ఇష్టం. పిల్లిని నిమిరే దేవుడు ఒకడు, నిప్పుకణికల వెలుగుకి ఒకడు, దుమ్ముకి ఒకడు. విరిగిన వస్తువుల దేవుడు ఇంటి వెనక కూర్చుని, పారేసినవాటి కోసం బాధపడతాడు.

ఇది వట్టి ముచ్చట అనిపించవచ్చు. నిజం రోము ఇంకా ముందుంది. పొలం పూజలో వాళ్ళు పిలిచే 12 మంది సహాయ దేవుళ్ళ పేర్లు మనకి దక్కాయి. బీడు దున్నేటప్పుడు వెర్వాక్టర్, విత్తేటప్పుడు ఇన్సిటర్, కలుపు తీసేటప్పుడు సుబ్రుంకినాటర్, పంట ఇంటికి మోసేటప్పుడు కన్వెక్టర్, గాదెలో పోసేటప్పుడు కండిటర్. తలుపు రెక్కకి ఒకడు, గడపకి ఒకడు, మడతబందుకి ఒక దేవత. ఇవీ శాఖలే కదా అని మీరు అడగొచ్చు. అవును, శాఖలే. తేడా ఏమిటంటే అవి ఆకాశం నుంచి కిందికి రాలేదు, రైతు చేతిలో పని ఏ వరుసలో సాగుతుందో ఆ వరుసలో పుట్టాయి. నాగావళి గారూ, కట్ట కింద ఊళ్ళలో ఏడాది పొడవునా ఏ పని ఎప్పుడు జరుగుతుందో ముందు రాసుకోండి. ఎక్కడెక్కడ మనిషికి గుండె దడదడలాడుతుందో అక్కడ ఒక దేవత ఉంటుంది.

ఉత్తరధ్రువం:

రాజకీయం కూడా మర్చిపోవద్దు. బాబిలోను పెద్దదయ్యాకే ఆ నగర దేవుడు మార్దూకు దేవుళ్ళందరికీ రాజయ్యాడు. వాళ్ళ సృష్టి కావ్యం చివర ఆయనకి 50 పేర్లు కట్టబెడతారు, అందులో పాత దేవుళ్ళ పేర్లూ బిరుదులూ కలిసిపోయాయి. తర్వాత అస్సీరియా వాళ్ళు అదే కావ్యాన్ని తీసుకుని మార్దూకు ఉన్న చోట తమ దేవుడు అస్షూరు పేరు పెట్టుకున్నారు. కల్పిత లోకాల్లో రాజ్యాలు కూలుతుంటాయి, దేవుళ్ళ పట్టిక మాత్రం మూడువేల ఏళ్ళు చెక్కుచెదరదు. నాకు అన్నింటికంటే నమ్మబుద్ధి కానిది అదే.

పూజారిగారి_మనవరాలు:

దేవతలు ఊరు మారడం గురించి కూడా ఎవరైనా చెప్పండి. సికింద్రాబాదు ఉజ్జయినీ మహంకాళి అలాగే వచ్చింది కదా. 1813లో ఆ ఊళ్ళో కలరా చెలరేగింది. అప్పుడు ఉజ్జయినిలో ఉన్న సైనికుడు సురిటి అప్పయ్య, తన ఊరివాళ్ళు బతికితే అమ్మవారిని తీసుకెళ్ళి ప్రతిష్ఠిస్తానని మొక్కుకుని, 1815లో ఆ మొక్కు చెల్లించాడని చెప్తారు. ఇప్పుడు ఆషాఢ బోనాల్లో రంగం నాడు పచ్చికుండ మీద నిలబడి భవిష్యవాణి చెప్పేది అక్కడే. ఒక మామూలు సైనికుడి మొక్కుతో ఒక మహానగరానికి తల్లి వచ్చింది.

మూడోజాము:

రోమన్లకి దీనికొక పద్ధతే ఉంది. క్రీ.పూ. 396లో వెయీ నగరాన్ని ముట్టడించినప్పుడు సేనాపతి కమిల్లస్ శత్రువుల దేవత జూనోనే ప్రార్థించాడు, మా రోముకి వచ్చెయ్ తల్లీ, నీకు గుడి కడతాం అని. నగరం పడిపోయాక విగ్రహం దగ్గరికి వెళ్ళి వస్తావా అని అడిగితే తల ఊపిందని రోమన్ చరిత్రకారుడు లివీ రాశాడు. అవెంటైన్ గుట్ట మీద గుడి కట్టారు.

మనుషులు కావాలని నిలబెట్టిన దేవుళ్ళు కూడా చరిత్రలో ఉన్నారు. ఈజిప్టును ఏలిన గ్రీకు రాజు మొదటి టాలెమీ, మెంఫిస్‌లో కొలిచే ఒసిరిస్-ఆపిస్‌ని గ్రీకు గడ్డంతో, నెత్తి మీద ధాన్యపు కుంచంతో సెరాపిస్‌గా నిలబెట్టాడు. అలెగ్జాండ్రియాలో ఆయన గుడి క్రీ.శ. 391 దాకా ఉంది. రెండో శతాబ్దంలో నల్లసముద్రం ఒడ్డున అబొనొటెయిఖోస్ అనే ఊళ్ళో అలెగ్జాండర్ అనేవాడు గ్లైకాన్ అనే పాము దేవుణ్ణి తెచ్చాడు. మనిషి ముఖంలా చేసిన బట్ట తల తొడిగాడని, అదంతా మోసమని అప్పటి గ్రీకు రచయిత లూషియన్ తిట్టిపోశాడు. లూషియన్ మాట నిజమే అనుకుందాం. అయినా ఆ దేవుడి బొమ్మతో నాణేలు పడ్డాయి, దూరాన ఉన్న డాసియాలో (ఇప్పటి రొమేనియా వైపు) ఆయనకి శాసనాలు వేయించారు. 1962లో రొమేనియాలోని కాన్‌స్టాంట్సాలో చక్కటి పాలరాతి విగ్రహం బయటపడింది. దాన్ని చెక్కించినవాడి మొక్కు కల్పితం కాదు కదా.

పూజారిగారి_మనవరాలు:

చాలా మంచి మాట అన్నారండీ. ఆ విగ్రహం ఫొటో చూశాను. భక్తితో చెక్కినట్టే ఉంది.

నాగావళి:

మా విజయనగరం సంగతి చెప్పి నా నవల దగ్గరికి వస్తాను. పైడితల్లమ్మ విజయరామరాజు చెల్లెలని చెప్తారు. 1757లో బొబ్బిలి యుద్ధం అయ్యాక తాండ్ర పాపారాయుడి చేతిలో అన్న చనిపోయాడని విని పెద్దచెరువులో ఐక్యమైంది. సిరిమానోత్సవం రోజు చింతమాను చివర పూజారి కూర్చుని ఊరేగుతాడు, ఆయనే ఆ రోజుకి అమ్మవారు. ఆ మాను ఎక్కడుందో పూజారికి కలలో కనిపిస్తుంది. ఊరేగింపులో అంజలి రథం, పాలధార, ఏనుగుతోపాటు బెస్తవారి వల కూడా ఉంటుంది, చెరువులోంచి అమ్మవారిని పైకి తెచ్చింది వాళ్ళు కాబట్టి. ఆ వల చూస్తే నాకెప్పుడూ ఒళ్ళు పులకరిస్తుంది. రెండున్నర శతాబ్దాల కిందట చేసిన ఒక సాయం ఇవాళ్టికీ ఊరేగింపులో స్థానం సంపాదించుకుని ఉంది. కల్పిత దేవుళ్ళకి శక్తులిస్తారు, ఆయుధాలిస్తారు. ఇలాంటి బాకీ ఎవరూ ఇవ్వరు.

అందుకని నా కట్ట దగ్గర దేవతని బాకీ నుంచి మొదలుపెడుతున్నాను. అనంతపురం దగ్గర బుక్కరాయసముద్రం చెరువు కట్ట తెగబోతే ప్రాణమిచ్చిన ముసలమ్మ కథ మనకి ఉంది, కట్టమంచి రామలింగారెడ్డి గారు కావ్యం కూడా రాశారు. నా కథలో ఆ దారినే పోను. పై ఊళ్ళవాళ్ళు తూములమ్మ గండి పూడ్చి తమని కాపాడిందంటారు. కింది ఊళ్ళవాళ్ళు, పొలాలెండిపోతుంటే రాత్రివేళ తూము ఎత్తి నీళ్ళొదిలింది ఆమేనంటారు. పండగ మాత్రం ఒక్కటే, ఆ రోజు తూము ఎత్తే హక్కు కింది ఊరివాళ్ళది.

పాచికలదండు:

రెండిట్లో ఏది నిజమో మీకు తెలుసా? పాఠకుడు అడుగుతాడు.

నాగావళి:

నాకు తెలుసు. కోటలో పండితుడికి కూడా తెలుసు, తన పట్టికలో రాసి పెట్టాడు. ఊళ్ళో ఎవరూ ఆయన్ని అడగరు.

ములుగు_బాట:

మంచిగున్నది. తూము ఎత్తుడు కింది ఊరోళ్ళ హక్కయితే, పై ఊరోళ్ళకు ఏం హక్కు ఇచ్చిన్రు? డప్పు ఎవలది? మొదటి బోనం ఎవలింటి నుంచి ఎల్తది? అవి తేలకుంటె పండుగనాడు కొట్లాట అయితది.

నాగావళి:

మొదటి బోనం పై ఊళ్ళో వడ్డెర వాళ్ళ ఇంటి నుంచి. కట్టకి రాయి మోసింది వాళ్ళ తాతలే. డప్పు గురించి ఇంకా తేల్చలేదు, రెండు ఊళ్ళ డప్పులూ ఉంటే ఏది ముందు మోగాలన్న దగ్గర ఆగిపోయాను. కొట్లాట అవుతుందన్నారు చూడండి, మూడో అధ్యాయం దానిమీదే పెడతాను.